శాంతినికేతనం తోటలు, మన ఆవరణల్లో పేరు తెలియని చెట్లు

సంపాదకులు గారికి,

నమస్కారం.

శరదృతువు వచ్చిందంటే మా విశాఖపట్నంలో ఏడాకుల పాల చెట్ల మీద ఫిర్యాదులు మొదలవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను నేలకూల్చిన తరువాత రోడ్ల వెంబడి కొత్తగా నాటిన మొక్కల్లో ఇది ఒకటి. త్వరగా ఎదుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పాలు కారే చెట్టు కనుక పశువులు దాని జోలికి పోవు. ఇప్పుడు ఆ మొక్కలు పెద్దవై, అక్టోబరు, నవంబరు నెలల్లో పచ్చ కలిసిన తెలుపు పూలగుత్తులతో నిండి, పొద్దు గూకిన దగ్గర నుంచి ఘాటైన వాసన విడుస్తున్నాయి. తల నొస్తోందనీ, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి అందడం లేదనీ, వాటిని కొట్టివేయాలనీ చాలామంది కోరుతున్నారు. వారి బాధను నేను తేలిక చేయను. ఒకే జాతి చెట్టును ఇళ్ల మధ్య వరసలు వరసలుగా నాటడం సరైన పని కాదని వృక్షశాస్త్రం చెప్పుకుని బతికినవాడిగా నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ చర్చ జరిగినంతసేపూ ఆ చెట్టును అందరూ ఆల్‌స్టోనియా అనో, దెయ్యం చెట్టు అనో అంటున్నారే గాని, ఏడాకుల పాల అన్న పేరు ఒక్కరి నోటా వినలేదు. ఏడాకుల పొన్న అనే మరో పేరూ దానికి ఉంది. ఆ పేర్లతో పాటు ఆ చెట్టును గురించి మన పెద్దలకు తెలిసిన సంగతులూ మరుగున పడ్డాయి. ఈ ఉత్తరం రాయడానికి నన్ను పురికొల్పింది అదే.

ఆ చెట్టు శాస్త్రీయ నామంలోనే బడి ఉంది. 1767లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి పెట్టిన 'స్కొలారిస్' అనే జాతి నామానికి బడికి సంబంధించినదని అర్థం. దీని మెత్తని తెల్లని కర్రతో బడిపిల్లలకు పలకలు చేసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆకులు ప్రతి కణుపు దగ్గరా గొడుగు పుల్లల్లా చుట్టూ విచ్చుకుని ఉంటాయి. అవి ఏడే ఉండాలన్న నియమం చెట్టుకేమీ లేదు, నాలుగైదు నుంచి పది దాకా ఉండవచ్చు. కానీ చూసేవారికి ఏడు ఆకులే ఎక్కువగా కనబడడం వల్ల సంస్కృతంలో సప్తపర్ణి, మనకు ఏడాకుల పాల అయింది. బెంగాలీలు దీనిని ఛాతిమ్ అంటారు. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం ఇదే. మన నగరంలో గొడ్డలి కోసం ఎదురు చూస్తున్న ఈ చెట్టు నీడనే ఒక విశ్వవిద్యాలయం పుట్టింది.

1863లో దేవేంద్రనాథ్ ఠాగూరు బోల్‌పూర్ సమీపంలో, నేటి శాంతినికేతనం ఉన్న చోట, రాయపూర్ జమీందారుల నుంచి 20 బిఘాలు, అంటే సుమారు ఆరున్నర ఎకరాల నేలను కౌలుకు తీసుకున్నారు. ఎర్రని కంకర నేల; వానకు కోసుకుపోయి గండ్లు పడిన బీడు. అక్కడివారు ఆ గండ్లను ఖొవాయి అంటారు. అంత బీడులో నీడనిచ్చేవి రెండు ఏడాకుల పాల చెట్లే. వాటి కింద కూర్చుని ఆయన ధ్యానం చేసుకునేవారు. ఆ చోటునే 1901లో ఆయన కుమారుడు రవీంద్రనాథుడు అయిదుగురు పిల్లలతో బడి ప్రారంభించారు. అది 1921లో విశ్వభారతి అయింది, 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది, 2023లో శాంతినికేతనానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. మొదటి రెండు చెట్లూ ఎప్పుడో చనిపోయాయి. వాటి చోట మళ్లీ ఏడాకుల పాలనే నాటి, చుట్టూ కంచె కట్టి, 'ఆయనే నా ప్రాణానికి విశ్రాంతి, మనసుకు ఆనందం, ఆత్మకు శాంతి' అనే దేవేంద్రనాథుని బెంగాలీ వాక్యాన్ని రాతిపై చెక్కించి ఉంచారు. స్నాతకోత్సవం నాడు పట్టభద్రులకు ఆ చెట్టు ఆకుల రెమ్మను అందించడం అక్కడి ఆచారం. పట్టాతో పాటు చెట్టు ఆకును ఇచ్చే విశ్వవిద్యాలయం మరొకటి నా ఎరుకలో లేదు.

నేను కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక ఫాల్గుణ మాసంలో, హౌరా మీదుగా బోల్‌పూర్ వెళ్లి అక్కడ నాలుగు రోజులు ఉన్నాను. ఏవో అపురూపమైన మొక్కలు చూడబోతున్నానని పుస్తకం, భూతద్దం పట్టుకుని వెళ్లాను. సాల వృక్షాల బాట, మామిడి తోపు, పొగడ చెట్ల వరస, ఉసిరి చెట్లు చూసి, ఇవన్నీ మనకు తెలిసినవే కదా అనుకున్నాను. రెండో రోజుకు గాని అక్కడి వింత ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ తోటల్లో తనంతట తాను మొలిచిన చెట్టు చాలా తక్కువ. బయటి నుంచి మట్టి తెప్పించి, గోతులు నింపి, ఒక్కొక్క మొక్కనూ ఎవరో ఒకరు పూనుకుని పెంచారు. నాటిన మనిషి ఎవరో, పేరు పెట్టినది ఎవరో అక్కడి పంతుళ్లకే కాదు, రిక్షా తొక్కేవారికి కూడా తెలుసు. తరగతులు నేటికీ చెట్ల కిందనే జరుగుతాయి, పిల్లలు ఎవరి ఆసనం వారు తెచ్చుకుని పంతులు చుట్టూ అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. ఎప్పుడూ ఒకే చెట్టు కింద కూర్చునే పిల్లలకు ఆ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఎప్పుడు పూస్తుందో ప్రత్యేకంగా పాఠం చెప్పనక్కర లేదు. మన రాయప్రోలు సుబ్బారావు గారు, బెజవాడ గోపాలరెడ్డి గారు ఆ నీడలో చదువుకున్నవారే.

ఆ ఆవరణలో తాళధ్వజం అనే గుడిసె ఒకటి ఉంది. తేజేశ్‌చంద్ర సేన్ అనే ఉపాధ్యాయుడు, చెట్లంటే ప్రాణం పెట్టే మనిషి, తన ఇల్లు కట్టుకోదలచిన చోట ఒక తాటిచెట్టు అడ్డు వచ్చింది. ఆయన చెట్టును తీయలేదు. దాని చుట్టూ గుండ్రంగా మట్టి గోడ పెట్టి, గడ్డి కప్పు వేసి, కప్పు నడుమ నుంచి తాటి మానును పైకి పోనిచ్చారు. దూరం నుంచి చూస్తే ఇంటి మీద ఎగరేసిన జెండాలా తాటి మట్టలు కనిపిస్తాయి, అందుకే ఆ పేరు. రవీంద్రులు ఆ ఇంటి మీద, ఆ మనిషి మీద కవిత కూడా రాశారు. కొత్త భవనం కట్టాలంటే ముందుగా చెట్టు కొట్టే మన ఆవరణల్లో ఇంజినీర్లకు ఆ గుడిసెను ఒకసారి చూపించాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇక ఉత్తరాయణం సంగతి. అది రవీంద్రులు జీవితంలో చివరి రెండు దశాబ్దాలు గడిపిన అయిదు ఇళ్ల సముదాయం. వాటి చుట్టూ ఉన్న తోటను తీర్చిదిద్దినవాడు ఆయన కుమారుడు రథీంద్రనాథుడు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రం చదివి వచ్చి, ఆ చదువును ఈ ఎర్రమట్టిలో పెట్టిన మనిషి. ఆ ఇళ్లలో ఒకటైన కోణార్క్ ముంగిట విలియం పియర్సన్ అనే ఆంగ్లేయుడు, రవీంద్రుల స్నేహితుడు, ఆశ్రమంలో పంతులు, ఒక విదేశీ తీగ మొక్కను నాటాడు. అది చాలాకాలం పూయనే లేదు. 1923లో పియర్సన్ ఇటలీలో రైలు ప్రమాదంలో మరణించాడు. ఆ తరువాత ఒక రోజు ఆ తీగ గుత్తులు గుత్తులుగా నీలం పూలతో నిండిపోయింది. నీలం రంగు తనకు గాఢమైన ఆనందాన్నిస్తుందనీ, వస్తూ పోతూ ఉండగా ఆ పూలు ప్రతిరోజూ తనను పిలిచి నిలబెట్టేవనీ, ఏదో చెప్పాలని ఉన్నా పిలవడానికి దానికి పేరు లేకపోయిందనీ, అందుకే నీలమణిలత అని పేరు పెట్టాననీ రవీంద్రులు ఆ తీగ మీద కవిత రాసినప్పుడు ముందుమాటలో చెప్పుకున్నారు.

ఆ తీగ శాస్త్రీయ నామం పెట్రియా వొల్యూబిలిస్. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలది. మొక్కలను పోషించిన లార్డ్ పీటర్ అనే ఆంగ్ల ప్రభువు పేరు మీద లిన్నేయస్ దానికి ఆ పేరు పెట్టాడు. ఆకు పట్టుకుంటే గరుకు కాగితంలా ఉంటుంది. పూవును దగ్గరగా చూసినవారికి దాని అసలు నేర్పు తెలుస్తుంది: నడుమ ఉన్న ముదురు ఊదా ఆకర్షక పత్రాలు రెండు మూడు రోజులలోనే రాలిపోతాయి, వాటి వెనుక ఉన్న అయిదు లేత నీలం రక్షక పత్రాలు మాత్రం నక్షత్రాల్లా వారాల తరబడి నిలిచి ఉంటాయి. అందుకే తీగ నెలంతా పూసినట్టే కనిపిస్తుంది. చివరకు ఆ రక్షక పత్రాలే ఎండి, కాయకు రెక్కలై, గాలిలో తిప్పుకుంటూ దాన్ని దూరంగా తీసుకుపోతాయి. నేను వెళ్లినప్పుడు ఆ తీగ నిండుగా పూసి ఉంది. దాని కింద నిలబడి ఒక బెంగాలీ పసిపిల్ల, ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో, తన తమ్ముడికి వేలు చూపిస్తూ నీలమణిలత అని చెప్పింది. నా చేతిలోని పుస్తకంలో అప్పటికి నేను పెట్రియా అని రాసుకుని ఉన్నాను. ఆ పిల్లకు ఆ పూవు సొంతమైనంతగా నాకు కాలేదని ఆ నిమిషంలోనే తెలిసింది. ఈ నాటికీ మన కడియం నర్సరీలకు వెళ్లి ఆ తీగ కావాలంటే పెట్రియా అనే అడగాలి.

అలా అని పేరు పెట్టడం మనకు చేతకాని విద్యేమీ కాదు. రవీంద్రులు ఇంకొక తీగకు మధుమంజరి అని పేరు పెట్టారు. దానికి ఏదో విదేశీ పేరు ఉండే ఉంటుంది, అది తనకు తెలియదు, తెలియనక్కర లేదు అన్నారు. రూపంలో, రసంలో పరాయితనం లేనిది, ఈ నేల మీద, ఈ గాలిలో సుఖంగా బతుకుతున్నది, కనుక దేశీ పేరుతో తనదాన్ని చేసుకుంటున్నానన్నారు. ఆ తీగను ఇంగ్లీషువారు రంగూన్ క్రీపర్ అంటారు. మన పెరళ్లలో, రేకుల పందిళ్ల మీద, పాత ప్రహరీల మీద అల్లుకుని సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, ఆ పైన ఎర్రబడే పూవు అది. తెల్లగా ఉన్న రాత్రి పెద్ద మాత్‌లు తేనెకు వస్తాయి, రంగు తిరిగాక పగటిపూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి. పదిహేడో శతాబ్దంలో రంఫియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాని మలయ్ పేరును డచ్చి భాషలో పోలిన మాటలోకి మార్చి, దాన్ని మళ్లీ లాటిన్ చేయగా క్విస్‌క్వాలిస్ అయింది. ఆ మాటకు ఎవరు, ఎటువంటిది అని అర్థం. శాస్త్రం ఆ పూవును చూసి ఎవరు నువ్వు అని అడిగిన ప్రశ్ననే పేరుగా ఉంచుకుంది. తెలుగువారు మాత్రం ఏ కవి చెప్పకుండానే, ఏ సభ తీర్మానించకుండానే, ఆ పూవుకు రాధామనోహరం అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టిన మొదటి మనిషి ఎవరో గాని, ఆ అమ్మకో అయ్యకో నేను చేతులు జోడిస్తాను.

శాంతినికేతనంలో హిమఝురి అని మరో చెట్టును చూపించారు. మన కాడమల్లె, అంటే ఆకాశమల్లె. బర్మా వైపు నుంచి వచ్చిన పొడవాటి చెట్టు. చలి ముదిరే రోజుల్లో సన్నని పొడవు కాడలతో తెల్లని పూలు రాత్రికి రాత్రి నేల మీద పరుచుకుంటాయి. సోనాఝురి అని పిలిచే చెట్టు ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన తుమ్మ జాతిది. బంగారు రంగు పూల కంకులు వేలాడతాయి కనుక రవీంద్రులు ఆ పేరు పెట్టారంటారు. పేరు చక్కనిదే. అయితే ఖొవాయి మీద ఆ చెట్లు కట్టిన తోపులో నడిచినప్పుడు, మందంగా పేరుకున్న దాని ఎండుటాకుల కింద గడ్డి కూడా సరిగ్గా మొలవకపోవడం చూసి నాకు మనసు చివుక్కుమంది. పేరు పెట్టినంత మాత్రాన ప్రతి మొక్కా ఆ నేలకు మేలు చేయదు. ఆ సంగతి కూడా చెట్టు దగ్గర పెట్టే పేరు పలక మీద రాయవలసిందే.

ఇప్పుడు నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. రవీంద్రులు పాట కట్టిన చెట్లలో కుర్చి ఒకటి. పూర్వం శిలాయిదహ నుంచి కలకత్తా వస్తూ ఉండగా కుష్టియా స్టేషను వెనుక గోడను ఆనుకుని ఆ చెట్టు నిండా పూసి కనిపించిందనీ, ఒక పక్క సంత, ఒక పక్క రైలు పట్టాలు, మరో పక్క ఎడ్లబండ్లు, గాలి నిండా దుమ్ము, అటువంటి తగని చోట అది తన శక్తి అంతా పెట్టి వసంతాన్ని చాటుతోందనీ ఆయన రాశారు. కుర్చి అంటే కుటజం. మేఘసందేశంలో యక్షుడు మేఘుడికి అర్ఘ్యం ఇచ్చింది ఆ పూలతోనే. మన కొండల్లో అది కొడిశపాల, గిరిమల్లిక. దాని బెరడును జిగట విరేచనాలకు మందుగా ఇచ్చేవారు, కుటజారిష్టం దానితో చేసేదే.

నేను పని చేసిన ఒక కళాశాలలో పాడేరు వైపు కొండ గ్రామం నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు ఉండేవాడు. తరగతిలో నోరు విప్పేవాడు కాదు. ఒకసారి మొక్కల సేకరణకు అడవికి వెళ్లినప్పుడు మాత్రం అతడే మాకు దారి చూపించాడు. రెండు చెట్లు పక్కపక్కన ఉన్నాయి, రెంటికీ పాలు కారతాయి, రెంటికీ జంట కాయలు పొడుగ్గా వేలాడుతున్నాయి. ఒకటి కొడిశపాల, రెండోది పాలకొడిశ. ఆ రెండోదాన్నే అంకుడు అంటారు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దాని కర్రతోనే. పేర్లు కూడా తిరగేస్తే ఒకటే కావడం వల్ల పుస్తకాలు చదివినవారే తికమక పడే చోటు అది. ఆ కుర్రవాడు చిన్నగా, "ఈ కాయలు చూడండి మాస్టారూ, కొసలు కలిసే ఉన్నాయి, ఇది పాలకొడిశ. అదిగో, దాని కాయలు దేనికదే విడిగా ఉన్నాయి, అది కొడిశపాల," అన్నాడు. రెండు జాతులను వేరు చేయడానికి అంతకంటే మంచి గుర్తు నేను ఏ పుస్తకం నుంచీ చెప్పలేను. నెల తరువాత అతడు తెచ్చిన రికార్డు పుస్తకంలో అతికించిన రెమ్మ కింద కొడిశపాల అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. నేను దాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన లాటిన్ పేరు రాసి, రెండు మార్కులు తగ్గించాను. అతడు ఏమీ అనలేదు. తరువాతి పేజీల్లో తెలుగు పేరు ఒక్కటి కూడా రాయలేదు. ఆ ఏడాది అతని దగ్గర నేర్చుకోగలిగిన పేర్లు ఎన్నో ఉండేవి. ఆ ఎర్రగీతతో నేనే వాటికి తలుపు వేశాను. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ పేజీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

స్థానిక నామాలు ఊరూరికీ మారతాయి, ఒకే పేరు రెండు చెట్లకు ఉంటుంది, శాస్త్రానికి లాటిన్ నామమే ఆధారం అని నా సహోద్యోగులు అంటారు. కొడిశపాల, పాలకొడిశల సంగతి చూస్తే వారు చెప్పేది నిజమే. లాటిన్ పేరు తీసివేయమని నేను అనడం లేదు. రెండూ ఉండాలంటున్నాను. పైగా ఆ లాటిన్ పేర్లలోనే మన తెలుగు ఉందని ఎంతమంది విద్యార్థులకు చెప్పాము? విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1793లో కలకత్తా తోటకు వెళ్లకముందు చాలా ఏళ్లు మన సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు గీయించి, ఇక్కడి జనం చెప్పిన తెలుగు పేర్లను వాటి పక్కన రాసుకున్నాడు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు పేరే తరువాత సొయిమిడా అనే ప్రజాతి నామమై ప్రపంచమంతటా నిలిచింది. శాంతినికేతనంలో సాల వృక్షాల బాటలో నడుస్తున్నప్పుడు నాకు తట్టినది కూడా ఇదే. సాలకు తోబుట్టువు మన శేషాచలం, వెలిగొండ కొండల్లో పెరిగే తంబజాలరి. దాని శాస్త్రీయ నామం షోరియా తంబుగ్గాయా. మొదటి మాట గవర్నరు జనరలుగా పనిచేసిన జాన్ షోర్ పేరు, రెండో మాట అచ్చంగా తెలుగు చెట్టు పేరు. ఒకే నామంలో దొర పేరు, పక్కనే కొండవాళ్ల మాట. రాక్స్‌బర్గ్ వినదగినదనుకున్న మాటను మన విశ్వవిద్యాలయాల పలకలు వినదగినదనుకోకపోతే ఎలా?

నేను చూసిన మేరకు మన రెండు రాష్ట్రాల్లో పలు విశ్వవిద్యాలయాల తోటల్లో మంచి మొక్కలు ఉన్నాయి. శేషాచలం ప్రాంతపు కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగని పేరిత, అంతర్జాతీయ వ్యాపారంలో అత్యంత కఠినమైన నిషేధం ఉన్న మొక్క, కొన్ని ఆవరణల్లో శ్రద్ధగా పెంచుతున్నారు. ఎర్రచందనం చాలాచోట్ల ఉంది. శివలింగం మీద పడగ పట్టినట్టుండే పూవుల నాగమల్లి ఉంది. కానీ పలకలు? ఒక తోటలో ఇంగ్లీషు అక్షరాల్లో లాటిన్ పేరు, కుటుంబం పేరు రాసిన రేకు ముక్కను నాలుగంగుళాల మేకుతో మానుకే కొట్టారు. మేకు చుట్టూ బెరడు ఉబ్బి, రేకును సగం మింగేసింది. మిగిలిన సగంలో అక్షరాలు తుప్పు పట్టాయి. ఆ చెట్టు కింద కూర్చుని చదువుకుంటున్న ఎమ్మే విద్యార్థులను ఇది ఏమి చెట్టు అని అడిగాను. తెలియదు సార్ అన్నారు. అది పొగడ. వాళ్ల అమ్మమ్మలు ఆ పూలను దారానికి గుచ్చి దండలు కట్టి ఉంటారు.

పొగడ అన్నాను గనుక ఒక్క మాట. 1928 వానాకాలంలో శాంతినికేతనంలో వృక్షరోపణ ఉత్సవం తొలిసారిగా జరిగినప్పుడు నాటిన మొక్క పొగడే. రవీంద్రుల కోడలు ప్రతిమాదేవి కుండీలో పెంచుకుంటున్నది. ఆ రోజు కుండీలోని ఆ మొక్కకు జరిగినంత వైభవం లోకంలో ఏ చెట్టూ కలగని ఉండదని ఆయన ఆమెకు ఉత్తరంలో రాశారు. అలంకరించిన పల్లకిలో మొక్కను ఊరేగించి, పంచభూతాల వేషం వేసిన పిల్లలు దాన్ని ఆశీర్వదించి, పాటలు పాడుతూ నాటుతారు. 1950లో మన దేశం వనమహోత్సవం మొదలుపెట్టడానికి 22 ఏళ్ల ముందు మాట అది. రవీంద్రులు పోయిన తరువాత ఆ ఉత్సవాన్ని ఏటా ఆయన వర్ధంతి నాడు, బెంగాలీ శ్రావణ మాసం 22వ తేదీన జరుపుతున్నారు. మన దగ్గర మొక్కలు నాటడం తక్కువేమీ లేదు, ఫొటోలూ తక్కువ లేవు. మరుసటి ఏడాది ఆ మొక్క ఏ జాతిదో చెప్పగలవారే తక్కువ.

కనుక మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల అధికారులను నేను కోరేది ఇది. ఆవరణలోని ప్రతి పెద్ద చెట్టు దగ్గర, మానుకు మేకు కొట్టకుండా, తీగ బిగించకుండా, నేలలో పాతిన చిన్న గుంజకు ఒక పలక పెట్టించండి. మేకు బెరడులోని ఆహారం మోసే పొరను గాయపరుస్తుంది. తీగ అయితే మాను లావెక్కే కొద్దీ దాన్ని ఉరి వేస్తుంది. పలక మీద ముందు తెలుగు పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి. ఒకటి కంటే ఎక్కువ పేర్లు ఉంటే అన్నీ రాయండి; ఉత్తరాంధ్రలో ఒక పేరు, రాయలసీమలో ఒకటి, తెలంగాణలో ఒకటి ఉంటే ఆ మూడూ ఆ చెట్టు సంపదే. కోయ, సవర, కొండదొర విద్యార్థులను వాళ్ల ఇళ్లలో దాన్ని ఏమంటారో అడిగి ఆ పేరు కూడా చేర్చండి. దాని కింద లాటిన్ పేరు తెలుగు లిపిలో, ఆ పేరుకు అర్థం ఏమిటో ఒక ముక్క, ఏ దేశం నుంచి వచ్చింది, ఏ నెలలో పూస్తుంది, ఏ పిట్ట, ఏ పురుగు దాని మీదకు వస్తుంది, మన నేలకు మేలా కీడా. ఇదంతా పది పంక్తులు దాటదు. రాసే పని వృక్షశాస్త్ర విద్యార్థులకు, సరిచూసే పని తెలుగు శాఖకు అప్పగిస్తే రెండు శాఖలూ ఒక చెట్టు కింద కలుస్తాయి. నీలమణిలతలా మన భాషలో పేరు లేని మొక్కలకు పేరు పెట్టే పోటీని తెలుగు శాఖలు ఏటా వసంతంలో జరపవచ్చు. విద్యార్థి రికార్డు పుస్తకంలో తెలుగు పేరు రాస్తే మార్కు తగ్గించకుండా, అదనంగా ఒక మార్కు ఇమ్మని విశ్వవిద్యాలయాల పాఠ్య ప్రణాళికా సంఘాలను ప్రత్యేకంగా కోరుతున్నాను.

విశాఖలోని ఏడాకుల పాల చెట్ల విషయంలో కూడా నా విన్నపం ఒకటే. ఆసుపత్రుల పక్క, ఉబ్బసంతో బాధపడేవారి ఇళ్ల పక్క ఉన్నవాటిని తీయవలసి వస్తే తీయండి, వాటి స్థానంలో పొగడ, కానుగ, వేప వంటివి కలిపి నాటండి. కొట్టేముందు ఒక్కొక్క దానికీ ఏడాకుల పాల అని రాసిన అట్టముక్కనైనా కట్టండి. విశ్వవిద్యాలయాల ఆవరణల్లో, ఇళ్లకు ఎడంగా ఉన్నవాటిని మాత్రం దయచేసి ముట్టుకోకండి.

పాఠకులకు తమ ఊరి చెట్ల పేర్లు రాసి పంపే చోటును మీ పత్రికలో వారానికి ఒకసారి, పావు కాలమైనా కేటాయించవలసిందిగా మిమ్మల్ని వేడుకుంటున్నాను. నా వంతుగా మొదటి చెట్టును ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పేర్లు: కొడిశపాల, కొడిశ, గిరిమల్లిక, కుటజం. పూలు: తెల్లనివి, ఎండాకాలంలో. కాయలు: జంటగా, కొసలు విడివిడిగా. గుర్తు చెప్పినవాడు: పాడేరు వైపు నుంచి వచ్చి నా తరగతిలో చదువుకున్న విద్యార్థి.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం